తొమ్మిది వందల టీఎంసీలు ఎక్కడివి?

శ్రీశైలం నుంచి కృష్ణ వెంట కిందికి వస్తే నాలుగు ముఖ్యమైన కట్టడాలు కనిపిస్తాయి. వాటి పేరు, పూర్తి నీటిమట్టం అడుగుల్లో, నిల్వ సామర్థ్యం టీఎంసీల్లో రాసుకుంటే పట్టిక ఇలా ఉంటుంది:

శ్రీశైలం 885.00 215.81
నాగార్జున సాగర్ 590.00 312.05
పులిచింతల 175.00 45.77
ప్రకాశం బ్యారేజీ 57.05 3.07

వానాకాలంలో విజయవాడ నుంచి వచ్చే పత్రికలు చదివేవాళ్లకు ఈ అంకెలు నోటికి వచ్చేసి ఉంటాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. శ్రీశైలాన్ని కట్టినప్పుడు 308 టీఎంసీలు పడుతుందన్నారు. పూడిక చేరగా చేరగా అది 215.81కి తగ్గింది. చివరి వరసలోని నాలుగు అంకెలనూ కూడితే 576.70 వస్తుంది. కాగితం మీద ఎవరు కూడినా అంతే.

ఇదే పట్టికను మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచి, పెర్ల్ భాషలో చిన్న స్క్రిప్టు రాద్దాం. అందులో చెప్పేది ఇంతే: ఒక్కో పంక్తినీ చదువు, ఖాళీలున్న చోట విడగొట్టు, మూడో ముక్కను మొత్తానికి కలుపుతూ పో. కంప్యూటర్ చెప్పే జవాబు 908.63. హెచ్చరిక ఏదీ రాదు, స్క్రిప్టు ఎక్కడా ఆగదు. అసలు మొత్తం కన్నా 331.93 టీఎంసీలు ఎక్కువ. అంటే ఇంకో నాగార్జున సాగర్‌ను నింపినా మిగిలేంత నీరు కృష్ణలో కొత్తగా పుట్టుకొచ్చినట్టు!

యంత్రం కూడికలో తప్పు చేయలేదు. తప్పు అంతకు ముందే, పంక్తిని ముక్కలు చేసే దగ్గరే జరిగిపోయింది. ఖాళీ దగ్గర విడగొట్టడం ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే వచ్చే పని. అందుకే దాని లోపల ఏం జరుగుతుందో ఎవరూ ఆగి చూడరు. తెలుగులో సమాచారం దాచుకునేవాళ్లు మాత్రం తప్పక ఆగి చూడాలి. మన లిపికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ప్రమాదం పొంచి ఉంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

## భాషాశాస్త్రం చదివినవాడి భాష

పెర్ల్‌ను తయారుచేసిన లారీ వాల్ భాషాశాస్త్ర విద్యార్థి. ఎక్కడో లిపి లేని ఒక భాష దగ్గరికి వెళ్లి, దానికి లిపి కూర్చాలన్నది ఆయనా ఆయన భార్యా చదువుకునే రోజుల్లో పెట్టుకున్న ఆశ. అది నెరవేరలేదు. 1987 డిసెంబరు 18న ఆయన విడుదల చేసిన పెర్ల్ మాత్రం ప్రపంచమంతా పాకింది. గుట్టలుగా పడి ఉన్న టెక్స్ట్ ఫైళ్ల నుంచి కావలసిన సమాచారం ఏరి నివేదికలు తయారుచేయడం దాని మొదటి పని. ఇవాళ కొత్తగా నేర్చుకునేవాళ్లు పైథాన్ వైపు వెళుతున్నారు కానీ, ఏ లైనక్స్ సర్వర్ తెరిచినా లోపల పెర్ల్ దాదాపు తప్పకుండా ఉంటుంది. పదిహేనేళ్ల కిందట ఎవరో రాసిపెట్టిన స్క్రిప్టు రోజూ తెల్లవారుజామున లేచి తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

పంక్తిని ముక్కలు చేయడానికి పెర్ల్‌లో ఉన్న ఆదేశం పేరు స్ప్లిట్. దానికి రెండు విషయాలు చెప్పాలి: దేన్ని విడగొట్టాలి, ఏది కనిపించిన చోట విడగొట్టాలి. చిక్కంతా ఈ రెండోదాంతోనే. మన కంటికి ఖాళీ ఒకే రకం. యంత్రానికి అలా కాదు. స్పేస్ బార్ నొక్కితే వచ్చే ఖాళీ నంబరు 32, ట్యాబ్ 9, పంక్తి చివర వచ్చేది 10, విండోస్ ఫైళ్లలో దానికి ముందు వచ్చేది 13. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి ఒకటిగా చూడాలా, వేరువేరుగా చూడాలా అన్నది స్క్రిప్టు రాసేవాళ్లు నిర్ణయించాలి. నిర్ణయించకపోతే పెర్ల్ తన అలవాటు ప్రకారం పోతుంది.

## గట్టు వెడల్పు ఎంతైనా గట్టే

గుడివాడ పక్కనో దివిసీమలోనో వరిచేల మధ్య నిలబడి చూడండి. రెండు మడుల మధ్య గట్టు జానెడు ఉండొచ్చు, బండి పోయేంత ఉండొచ్చు. ఎంత ఉన్నా దానికి అటొక మడి, ఇటొక మడి. గట్టు వెడల్పుగా ఉంది కదా అని మధ్యలో ఇంకో మడి ఉందని ఏ రైతూ అనడు.

స్ప్లిట్‌కు కొటేషన్ గుర్తుల మధ్య ఒక్క ఖాళీ పెట్టి ఇస్తే, అది రైతు చూసినట్టే చూస్తుంది. ఒక ఖాళీ ఉన్నా పది ఉన్నా, మధ్యలో ట్యాబ్ కలిసినా, అదంతా ఒకే గట్టు. పంక్తి మొదట్లో ఉన్న ఖాళీలను పొలం బయటి గట్టులా వదిలేస్తుంది. ఈ పద్ధతి పెర్ల్ సొంతం కాదు. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురు తమ పేర్ల మొదటి అక్షరాలతో చేసిన ఆక్ అనే భాషలోది. లారీ వాల్ దాన్ని తెలిసే తెచ్చుకున్నారు.

అదే ఖాళీని కొటేషన్ల మధ్య కాకుండా రెండు ఏటవాలు గీతల మధ్య పెట్టి ఇచ్చామనుకోండి, అర్థం పూర్తిగా మారిపోతుంది. ఇప్పుడు అడుగడుగూ ఒక గట్టే. పక్కపక్కన రెండు ఖాళీలుంటే, వాటి మధ్య ఏమీ లేని మడి ఒకటి ఉందని లెక్కవేస్తుంది. మూడో పద్ధతి ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. ఏటవాలు గీతల మధ్య "ఏ రకం ఖాళీ అయినా, ఎన్ని ఉన్నా" అన్న నమూనా ఇస్తే గట్టును గట్టుగానే చూస్తుంది కానీ, పంక్తి మొదట్లో ఖాళీ ఉంటే దానికి ముందు ఉత్త మడి ఒకటి ఉందంటుంది.

తేడా ఎంత ఉంటుందో ఒక్క పంక్తి మీద చూద్దాం. పులిచింతల వివరాలున్న పంక్తికి ముందు ఒక ఖాళీ, పేరు తర్వాత రెండు ఖాళీలు, నీటిమట్టం తర్వాత ఒక ఖాళీ ఉన్నాయనుకుందాం. మొదటి పద్ధతిలో ముక్కలు 3. ఏటవాలు గీతల మధ్య ఒంటరి ఖాళీతో 5. మూడో పద్ధతిలో 4. పంక్తి ఒకటే, ఆదేశం ఒకటే, జవాబులు మూడు. పెర్ల్ నేర్పేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణను పిల్లల చేత చేయించాలని నా కోరిక. కొటేషన్లకూ ఏటవాలు గీతలకూ ఉన్న తేడా పుస్తకంలో చదివితే మరిచిపోతారు, 3, 5, 4 అని తెర మీద చూస్తే మరిచిపోరు.

## పేరులోనే ఖాళీ ఉంటే

ఇప్పుడు 908.63 దగ్గరికి వద్దాం. మన స్క్రిప్టు వాడింది మొదటి పద్ధతే, మూడింటిలో మంచిదే. శ్రీశైలం పంక్తి మూడు ముక్కలైంది: పేరు, 885.00, 215.81. మూడో ముక్క సామర్థ్యం. ఇంతవరకు బాగుంది. నాగార్జున సాగర్ పంక్తి నాలుగు ముక్కలైంది. "నాగార్జున" ఒకటి, "సాగర్" ఒకటి. దాంతో మూడో ముక్క స్థానంలోకి 590.00 వచ్చి కూర్చుంది. అది అడుగుల లెక్క. ప్రకాశం బ్యారేజీ పంక్తిలోనూ అంతే, 3.07 టీఎంసీల బదులు 57.05 అడుగులు. స్క్రిప్టు అడుగులనూ టీఎంసీలనూ కలిపి కూడింది. 215.81, 590.00, 45.77, 57.05 కలిపి చూడండి, సరిగ్గా 908.63.

మూడోది కాకుండా రెండో ముక్క తీసుకుని ఉంటే "సాగర్" అన్న మాటను అంకెగా వాడాల్సి వచ్చేది. పెర్ల్ దాన్ని సున్నాగా లెక్కిస్తుంది. హెచ్చరికలు ఆన్ చేసి ఉంటే, ఇది సంఖ్య కాదని చెబుతుంది కూడా. మూడో ముక్క విషయంలో ఆ అవకాశమూ లేదు, ఎందుకంటే 590.00 నిఖార్సయిన సంఖ్య. అది ఏ సంఖ్యో యంత్రానికి తెలియదు. అంకె రావలసిన చోట మాట వస్తే పట్టుకోవచ్చు. అంకె చోట ఇంకో అంకె వస్తే పట్టుకోవడం చాలా కష్టం. ఇలాంటి మొత్తం ఒకసారి నివేదికలోకి ఎక్కిందంటే దాన్ని అక్కడి నుంచి దించడం మరీ కష్టం.

దారి ఉంది. ఈ పట్టికలో ఎన్ని మాటలుంటాయో తెలియనిది పేరులో మాత్రమే. చివరి రెండు గడులూ ఎప్పుడూ అంకెలే. కాబట్టి ఎడమ నుంచి కాకుండా కుడి నుంచి లెక్కపెట్టాలి. పెర్ల్‌లో దీనికి సులువైన ఏర్పాటు ఉంది: మైనస్ 1 అంటే చివరి ముక్క, మైనస్ 2 అంటే దాని ముందుది. ఆ రెండూ తీసేశాక మిగిలిన ముక్కలన్నిటినీ మళ్లీ ఒక్కో ఖాళీతో కలిపితే పేరు తయారు. "డాక్టర్ కె.ఎల్. రావు సాగర్" అని పులిచింతలకు పెట్టిన పూర్తి పేరు రాసినా ఇబ్బంది లేదు. పేరు చివర వచ్చే పట్టికలైతే స్ప్లిట్‌కు మూడో వివరంగా ఒక సంఖ్య ఇచ్చి, "ఇన్ని ముక్కలు కాగానే ఆపు, మిగిలినదంతా ఒకే ముక్క" అని చెప్పవచ్చు.

## రాని అంకె

పేరులో ఖాళీ ఉంటే ముక్కలు పెరుగుతాయి. దీనికి తలకిందులు ఇంకొకటి ఉంది, అది మరీ ప్రమాదం.

2024 సెప్టెంబరు మొదటి రోజులు విజయవాడ మరిచిపోలేనివి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంకోవైపు బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లను ముంచింది. అలాంటి సమయంలో ఎగువ నుంచి గంటగంటకూ వచ్చే లెక్కలే దిగువ ఊళ్లకు ఆధారం. ఒక ఊహ చేద్దాం. పట్టికలో నీటిమట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అని మూడు గడులున్నాయి. ఒక జలాశయం నుంచి ఆ గంట ఇన్‌ఫ్లో అంకె అందలేదు. టైప్ చేసేవారు ఆ గడిని ఖాళీగా వదిలి, అవుట్‌ఫ్లోను దాని చోట అది పడేలా జరిపి కొట్టారు. కంటికి పట్టిక చక్కగా ఉంది. స్ప్లిట్‌కు మాత్రం నీటిమట్టం తర్వాత ఒక వెడల్పైన గట్టు కనిపించింది, అంతే. బయటికి పోతున్న నీరు లోపలికి వస్తున్న నీరుగా నమోదైంది.

ఖాళీనే హద్దుగా పెట్టుకున్న పట్టికలో "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పే వీలు ఉండదు. ఏమీ లేకపోవడమే హద్దు అయినప్పుడు, ఏమీ లేని గడిని ఎలా చూపిస్తాం? అందుకే గడి ఖాళీగా ఉండే అవకాశం ఎంత తక్కువైనా, ట్యాబ్‌ను హద్దుగా పెట్టి, ట్యాబ్ దగ్గర మాత్రమే విడగొట్టమని స్ప్లిట్‌కు చెప్పాలి. అప్పుడు రెండు ట్యాబ్‌లు పక్కపక్కన ఉంటే మధ్యలో ఉత్త గడి ఒకటి ఉందని లెక్కలోకి వస్తుంది. ఏటవాలు గీతల పద్ధతిలో ఇందాక తప్పనిపించినది ఇక్కడ కావలసినదైంది.

అయినా ఒక మెలిక మిగిలే ఉంటుంది. పంక్తి చివర వరసగా ఉత్త గడులుంటే పెర్ల్ వాటిని చెప్పకుండా రాల్చేస్తుంది. వాటిని ఉంచాలంటే మూడో వివరంగా మైనస్ 1 ఇవ్వాలి. విండోస్ నుంచి వచ్చిన ఫైలైతే 13 నంబరు గుర్తు చివరి గడికి అంటుకుని ఉంటుంది, దాన్నీ తుడవాలి. ఇవన్నీ చేశాక కూడా ముక్కలెన్నో లెక్కపెట్టి, ఉండవలసినన్ని లేకపోతే పంక్తి నంబరు చెప్పి ఆగిపోమనే ఒక్క వాక్యం స్క్రిప్టులో ఉండితీరాలి. నన్నడిగితే ఆ వాక్యం లేని స్క్రిప్టును వరద లెక్కల దగ్గరికి రానివ్వకూడదు.

> కంటికి మూడు, యంత్రానికి ఇరవై నాలుగు
>
> ఖాళీలతో పని లేకుండా "మొదటి 12 స్థానాలు పేరు, తర్వాతి 8 అంకె" అని కొలిచి కోసే పాత పద్ధతి ఒకటి ఉంది. ఇంగ్లీషు పట్టికలకు అది బాగా నప్పుతుంది. తెలుగుకు నప్పదు. "శ్రీశైలం" మనకు మూడు అక్షరాలు: శ్రీ, శై, లం. యూనికోడ్ లెక్కలో ఎనిమిది సంకేతాలు: శ, హలంతం, ర, గుడిదీర్ఘం, మళ్లీ శ, ఐత్వం, ల, సున్న. ఫైలులో దాచేటప్పుడు ఒక్కో సంకేతానికి 3 బైట్లు, మొత్తం 24. పన్నెండు బైట్ల దగ్గర కోస్తే పేరులో మిగిలేది "శ్రీ" ఒక్కటే. తెలుగు పేర్లున్న పట్టికలో నిలువు వరసలు ఖాళీలతో ఎంత సరిచేసినా ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో ఫాంట్‌లో వంకర పోతాయి.

## అవనిగడ్డలో 'అ' ఏమైంది?

మొదట్లో చెబుతానన్న ప్రమాదం ఇదీ. మన పట్టికలో జలాశయాలకు బదులు ఊళ్ల పేర్లున్నాయనుకోండి: విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, తెనాలి, అవనిగడ్డ. స్క్రిప్టు నడిపితే మొదటి నాలుగూ చక్కగా వస్తాయి. అయిదోది "వనిగడ్డ" అయిపోతుంది. దాని ముందు వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకమున్న చెత్త గుర్తు ఒకటి విడి ముక్కగా మిగులుతుంది. అమరావతి "మరావతి" అవుతుంది. "పాఠశాల" ఏకంగా రెండు ముక్కలవుతుంది, "శాల" ఒక వైపు, విరిగిన "పా" ఒక వైపు. ఫైలులో ఆ మాటల మధ్య ఎక్కడా ఖాళీ లేదు. మరి స్ప్లిట్‌కు ఎక్కడ కనిపించింది?

ఇది అర్థం కావాలంటే అక్షరం ఫైలులో ఎలా దాగి ఉంటుందో చూడాలి. యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చింది. 'అ' నంబరు 3077. ఒక బైట్‌లో 255కు మించిన సంఖ్య పట్టదు. అందుకని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992 సెప్టెంబరులో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో పెద్ద నంబరును చిన్న ముక్కలుగా పంచి దాస్తారు. తెలుగు సంకేతం ఏదైనా మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. మూడోది 128 నుంచి 191 లోపు ఏదో ఒకటి. ఆ లెక్కన 'అ' అంటే 224, 176, 133.

ఇక ఖాళీల జాబితా చూడండి. 9, 10, 13, 32 వంటి చిన్న నంబర్లు మాత్రమే కాదు, 128 నుంచి 255 లోపు ఇంకో రెండు ఖాళీలున్నాయి. ఒకటి 133. పెద్ద కంప్యూటర్ల కాలం నుంచి వస్తున్న, తర్వాతి పంక్తికి వెళ్లమనే గుర్తు. రెండోది 160. రెండు మాటలను పంక్తి చివర విడిపోకుండా పట్టి ఉంచే ఖాళీ. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన లాటిన్-1 పట్టికలో ఇవి ఆ స్థానాల్లో ఉన్నాయి. యూనికోడ్ వాటిని అలాగే తీసుకుంది.

ఇప్పుడు రెండు వైపులా కలపండి. ఈ ఫైలు యూటీఎఫ్-8లో ఉందని స్క్రిప్టు పెర్ల్‌కు చెప్పలేదు. చెప్పకపోతే పెర్ల్ ఒక్కో బైట్‌నూ ఒక్కో అక్షరం అనుకుంటుంది. దాని దృష్టిలో 'అ' ఒక అక్షరం కాదు, 224, 176, 133 అనే మూడు అక్షరాలు. మూడోది ఖాళీల జాబితాలో ఉంది. అక్కడ కోసేసింది. 133 హద్దుగా మాయమైంది. 224, 176 అనే అనాథ బైట్లు ఒక ముక్కగా మిగిలాయి. 'ఠ' బైట్లు 224, 176, 160. దానికీ అదే గతి.

బైట్లను బైట్లుగా చదివినప్పుడల్లా ఇలా జరగదు, అదే ఇంకా చిక్కు. యూనికోడ్ నియమాల ప్రకారం ఖాళీలను గుర్తించమని స్క్రిప్టులో అడిగి ఉంటేనే 133, 160 జాబితాలోకి వస్తాయి. స్క్రిప్టు పైన "పెర్ల్ 5.12 లేదా ఆపైన" అని ఒక వాక్యం రాస్తే ఆ నియమాలు వాటంతటవే అమల్లోకి వస్తాయి. కొటేషన్ల మధ్య ఖాళీ పెట్టే స్ప్లిట్ మాత్రం చాలాకాలం ఆ నియమాలను పూర్తిగా పట్టించుకోలేదు. 2018లో వచ్చిన 5.28 నుంచి పట్టించుకుంటోంది. లోపాన్ని దిద్దడం మంచిదే. కానీ దానర్థం ఏమిటో చూడండి: ఏళ్ల తరబడి సవ్యంగా నడిచిన స్క్రిప్టు, అందులో ఒక్క అక్షరం మార్చకపోయినా, సర్వర్‌లో పెర్ల్‌ను కొత్తది చేసిన మర్నాటి నుంచి అవనిగడ్డను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది.

ఈ తప్పు ఎందుకు దాగి ఉంటుందో కూడా ఆలోచించాలి. తెలుగులో 'అ' సాధారణంగా మాట మొదట్లోనే వస్తుంది, మధ్యలో దానికి విడి గుర్తు ఉండదు. 'ఠ' అరుదు. ఆ, ఇ, ఉ, ఏలకు ఏమీ కాదు. కాబట్టి ఇబ్రహీంపట్నం, ఉయ్యూరు, ఏలూరు క్షేమం. నాలుగైదు ఊళ్ల పేర్లతో పరీక్షించి బాగుందనుకుంటే, ఆ నాలుగైదింటిలో 'అ' లేకపోవడమే కారణం కావచ్చు.

> మనకొక్కరికే కాదు
>
> భారతీయ లిపులకు యూనికోడ్ స్థానాలు కేటాయించేటప్పుడు ఇస్కీ అనే మన దేశ ప్రమాణాన్ని అనుసరించారు. అందులో అన్ని లిపుల అక్షరాలూ ఒకే క్రమంలో ఉంటాయి. ఫలితంగా దేవనాగరి, బెంగాలీ, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం అన్నిటిలోనూ 'అ' మూడో బైట్ 133. 'ఠ' ఉన్న లిపుల్లో దాని మూడో బైట్ 160. ఒక్క పొరపాటుకు దేశంలోని ఇన్ని భాషలూ తమ మొదటి అక్షరాన్నే పోగొట్టుకుంటాయి. ఇది పెర్ల్‌కే పరిమితం కాదు. పైథాన్‌లోనూ తెలుగు ఫైలును లాటిన్-1 అని తెరిచి ఖాళీల దగ్గర విడగొడితే 'అ' ఇలాగే విరుగుతుంది.

మందు చాలా సులువు. ఫైలు తెరిచే వాక్యంలోనే అది యూటీఎఫ్-8 అని చెప్పాలి. అప్పుడు పెర్ల్ మూడు బైట్లనూ కలిపి 3077 అనే ఒక్క అక్షరంగా చదువుతుంది. 3077 ఏ ఖాళీల జాబితాలోనూ లేదు. ముందు అక్షరాలుగా మార్చాలి, తర్వాతే ఖాళీల కోసం వెతకాలి. ఈ వరస తప్పకూడదు. పరీక్షించేటప్పుడు విజయవాడతో పాటు అవనిగడ్డనూ పాఠశాలనూ తప్పక పెట్టండి.

## కనబడే ఖాళీ, కనబడని జోడు

సరిగ్గా చదివించిన తర్వాత కూడా 160 వదలదు. వెబ్ పేజీల నుంచో వర్డ్ ఫైళ్ల నుంచో పేర్లు కాపీ చేస్తే "నాగార్జున", "సాగర్"ల మధ్య మామూలు ఖాళీకి బదులు 160 వచ్చి ఉండొచ్చు. రెండు మాటలూ కలిసి ఉండాలనే దాన్ని అక్కడ పెడతారు. అది పంక్తి చివర విరవకుండా కాపాడుతుంది, స్ప్లిట్ నుంచి కాపాడదు. పెర్ల్‌కు అదీ ఖాళీయే.

దీనికి విరుద్ధమైనది 8204 నంబరు గుర్తు. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసేటప్పుడు 'ట్'కు 'వ' వత్తుగా చేరకుండా మధ్యలో పెడతాం. తెర మీద దానికి వెడల్పే లేదు. యూనికోడ్ లెక్కలో అది ఖాళీ కాదు కాబట్టి స్ప్లిట్ అక్కడ కోయదు. అయితే పొల్లుతో ముగిసే ఒకే పేరును ఒకరు చివర దానితో, ఇంకొకరు అది లేకుండా టైప్ చేస్తే, కంటికి ఒకేలా ఉన్న రెండు పేర్లను యంత్రం రెండు వేరు ఊళ్లుగా లెక్కిస్తుంది. పేర్లను పోల్చే ముందు ఆ గుర్తును తీసేసి పోల్చడం మేలు.

## ఖాళీల మధ్య ఉన్నదల్లా మాటేనా?

ఇంతవరకు పట్టికల సంగతి. పట్టికలు కాక వాక్యాలున్న ఫైలును కూడా చాలామంది ఖాళీల దగ్గరే విడగొట్టి, వచ్చిన ముక్కలను మాటలుగా లెక్కపెడతారు. ఇంగ్లీషుకు అది దాదాపు సరిపోతుంది. తెలుగుకు సరిపోదు.

మాటల మధ్య ఖాళీ వదలడం మనకు అచ్చుయంత్రంతో స్థిరపడిన అలవాటు. యూరప్‌లో కూడా లాటిన్ రాతలో దాన్ని అలవాటు చేసింది 7వ శతాబ్దం ప్రాంతంలో ఐర్లండ్ సన్యాసులు. బెజవాడలోనే 10వ శతాబ్దపు యుద్ధమల్లుని శాసనం ఉంది. మధ్యాక్కర పద్యాలను రాతి మీద చెక్కించాడు. ఆ కాలపు శాసనాల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలే ఆచారం లేదు. భాష తెలిసినవాడు మాటలు తానే విడదీసుకుని చదువుతాడు. విడగొట్టే ఆధారం రాతలో లేదు, చదివేవాడి భాషాజ్ఞానంలో ఉంది.

ఇప్పటి రాతలో ఖాళీలున్నా సంధి వాటిని దాటిపోతుంది. "కాలవకి నీళ్లు వచ్చాయి" అని రాస్తే స్ప్లిట్‌కు మూడు ముక్కలు. "కాలవకి నీళ్లొచ్చాయి" అంటే రెండే. "నీళ్లు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే స్క్రిప్టుకు రెండో వాక్యంలో నీళ్లే దొరకవు.

ఈ చిక్కు మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనూ ఏళ్లుగా పని జరుగుతోంది. రాజీవ్ సంగల్, దీప్తి మిశ్రా శర్మ వంటివారు ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల వాక్య విశ్లేషణ కోసం శక్తి స్టాండర్డ్ ఫార్మాట్ అనే అమరికను తయారుచేశారు. దాన్ని వాడుకునే ఉపకరణాలు అనేకం పెర్ల్‌లో రాసినవే. ఆ అమరికలో ఒక్కో మాటకు ఒక్కో పంక్తి. పంక్తిలో నాలుగు గడులు: వరస సంఖ్య, మాట, వ్యాకరణ వర్గం, దాని ఇతర లక్షణాలు. గడుల మధ్య హద్దు ట్యాబ్. నాలుగో గడిలో లక్షణాలు రాసేటప్పుడు మామూలు ఖాళీ వస్తుంది కాబట్టి హద్దుకు ఖాళీ పనికిరాదు. లోపలి పనికి తెలుగును డబ్ల్యూఎక్స్ అనే రోమన్ లిప్యంతరీకరణలోకి మార్చుకునే పద్ధతి కూడా అక్కడ ఉంది. అన్నీ 128 లోపు సంకేతాలే కాబట్టి 133, 160ల బెడద దాని దరికి రాదు.

సంధి విడదీసే ప్రోగ్రాములకు ఖాళీలు తొలి ఆధారం మాత్రమే. ఆ తర్వాత నిఘంటువు, సంధి సూత్రాలు, పక్క మాటలు చూడాలి. "వాడెక్కడ" అన్న ముక్కనే తీసుకోండి. వాడు, ఎక్కడ కలిస్తే ఉత్వ సంధితో ఇది వస్తుంది. వాడ, ఎక్కడ కలిస్తే అత్వ సంధితో ఇదే వస్తుంది. రెండు విడదీతలూ నిఘంటువులో ఉన్న మాటలనే ఇస్తాయి, రెండూ సూత్రానికి సరిపోతాయి. దానికి ముందు "మీ తమ్ముడు రాలేదే" అని ఉంటే మొదటిది, "పడమటి" అని ఉంటే రెండోది. అది తేల్చాలంటే ప్రోగ్రాము కోసిన ముక్క ఒక్కదాన్నే చూస్తే చాలదు, దానికి ముందు కోసి పక్కన పెట్టిన ముక్కల దగ్గరికి మళ్లీ వెళ్లాలి.